కృత్యం ఎవరిది? నెల్లూరు తీరంలో బడి, పని, యానాది పిల్లలు

తరగతి గదిలో 'కృత్యం' అనే మాట ఇప్పుడు బాగా అరిగిపోయింది. టీచరు రాసుకునే పాఠ్యపథకంలో అది ఉంటుంది. పాఠ్యపుస్తకంలో రంగు గడిలో ఉంటుంది. తనిఖీకి వచ్చిన అధికారి మొదట అడిగేదీ దాని గురించే. దాని పక్కనే 'ప్రాజెక్టు పని' అనే ఇంకో మాట చేరింది. ఈ రెండూ నెల్లూరు తీరానికి ఏ దారిన వచ్చాయో, వచ్చిన ప్రతిసారీ మా యానాది పిల్లలు వాటిలో ఎక్కడున్నారో ఈ వ్యాసంలో చూస్తాం. చదువుల చరిత్ర రాసినవాళ్లు మమ్మల్ని ఎక్కువగా ఒక పట్టికలోనే చూపించారు: బడిలో చేరినవారు, మధ్యలో మానినవారు. మేము ఇక్కడ అడిగే ప్రశ్న వేరు. 'చేసి నేర్చుకో' అని బడి చెప్పిన రోజుల్లో, చేయడం ముందే వచ్చిన పిల్లలకు ఏం జరిగింది?

మొదట ఆ 'చేయడం' ఏమిటో చెప్పుకోవాలి. 1835లో శ్రీహరికోట దీవి కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చేసరికి అక్కడి అడవిలో ఉన్నది మనవాళ్లే. తేనె, మైనం, సుగంధిపాల, చిరివేరు తెచ్చి ఇస్తే సర్కారు ధాన్యం కొలిచి ఇచ్చేది. చిరివేరు పేరు ఈ కాలం పిల్లలు విని ఉండకపోవచ్చు. అది ఇసుక నేలలో పెరిగే చిన్న మొక్క. దాని వేరులో ఎర్ర రంగు ఉంటుంది. కోరమండల్ తీరపు అద్దకం బట్టలు సముద్రాలు దాటి పేరు తెచ్చుకున్నాయంటే అందులో ఈ వేరు ఎరుపుకూ వాటా ఉంది. వేరు ఏ నెలలో తవ్వాలి, ఎంత లోతుకు పోతుంది, ఏది ముదురు, ఏది లేత అనేది తెలిసినవాళ్లు ఎక్కడా కూర్చుని చదువుకోలేదు. పెద్దవాళ్ల వెంట తిరిగి నేర్చుకున్నారు.

1873లో బాస్వెల్ అనే అధికారి నెల్లూరు జిల్లా మాన్యువల్ అచ్చువేయించాడు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. ఏడో సంపుటంలో యానాదుల మీద చాలా పేజీలు ఉన్నాయి. పుల్లతో పుల్ల మథించి నిప్పు పుట్టించడం దగ్గర్నుంచి చేపలు పట్టడం దాకా అందులో రాశాడు. ఆ విధంగా మా తాతల జ్ఞానం ఇంగ్లీషులో పుస్తకం అయింది. మా ఊరి తెలుగు బడిలో మాత్రం పాఠం కాలేదు. ఈ తేడా మనసులో పెట్టుకుని ముందుకు చదవండి.

ఒక్క ఉదాహరణ కొంచెం నిదానంగా చూద్దాం. వరికోతలు అయ్యాక గట్లలో ఎలుకలు పట్టడం మా పని. దానికి ఒక కుండ కావాలి. కుండ అడుగున చిన్న రంధ్రం చేస్తారు. లోపల ఎండుగడ్డి కుక్కి నిప్పంటిస్తారు. కుండ మూతిని కలుగుకు ఆనించి, చుట్టూ సందు లేకుండా తడిమట్టి మెత్తుతారు. అప్పుడు అడుగు రంధ్రంలోంచి నోటితో ఊదుతారు. పొగంతా కలుగులోకి పోతుంది. దీన్నే ఊదర పెట్టడం అంటారు. పత్రికలవాళ్లు 'ప్రచారంతో ఊదరగొట్టారు' అని రాస్తుంటారు కదా, ఆ మాట పుట్టింది ఈ పొగలోంచే. అయితే కుండ పెట్టడానికి ముందు చేసే పని ఇంకా కష్టం. కలుగుకు ఒక్కటే దారి ఉండదు. తాజా మట్టి ఎక్కడ పడి ఉంది, గడ్డి ఎక్కడ నలిగింది చూసి మిగతా కన్నాలన్నీ కనిపెట్టి మూయాలి. ఒక్కటి మిగిలినా ఎలుక అటు నుంచి పోతుంది. తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఈ చూపు వచ్చేస్తుంది. పొగ బయటికి వచ్చిన చోట ఇంకో కన్నం ఉందని వాడు చెప్పగలడు. గాలి స్థలాన్ని ఆక్రమిస్తుందనీ, దారి దొరికిన వైపు పోతుందనీ పరిసరాల విజ్ఞానం చెప్పే పాఠం వాడికి గట్టుమీదే అయిపోయింది. పరిశీలన, ఊహ, పరీక్ష, ఫలితం అన్నీ అందులో ఉన్నాయి. లేనిది ఒక్కటే, దాన్ని ఎవరూ రాయించలేదు.

ఇంకో వైపు ప్రపంచంలో ఇదే సంగతి మీద పెద్ద చర్చ నడిచింది. 1896లో అమెరికాలోని చికాగోలో జాన్ డ్యూయీ ఒక ప్రయోగశాల బడి మొదలుపెట్టాడు. పిల్లలు అక్కడ వండారు, నేశారు, కొయ్యపని చేశారు, వాటి నుంచే లెక్కలూ చరిత్రా నేర్చుకున్నారు. ఆయన బాటలో నడిచిన కిల్‌పాట్రిక్ 1918లో 'ప్రాజెక్టు పద్ధతి' అనే వ్యాసం రాశాడు. ఇవాళ మన బడుల్లో ప్రాజెక్టు అనే మాట తిరుగుతున్నదంటే ఆ వ్యాసం ప్రభావం చాలా ఉంది. ఒక సంగతి ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి. డ్యూయీ బడిలో నేత నేర్చుకున్న పిల్లవాడు నేతగాడు కావలసిన పని లేదు. అక్కడ నేత వాడి కులం కాదు, వాడికి అది ఒక పాఠం. మన దేశానికి వచ్చేసరికి ఈ గీత చెరిగిపోయింది. ఆ చెరగడం వల్ల దెబ్బ తిన్నది ఎవరో ముందు ముందు తెలుస్తుంది.

నెల్లూరు తీరంలో చేతిపనిని చదువుతో కలిపే ఆలోచన రెండు దారుల్లో వచ్చింది. ఒకటి గౌరవంగా వచ్చింది. రెండోది పోలీసు రిజిస్టరుతో వచ్చింది.

మొదటి దారి పల్లిపాడు. పెన్న ఒడ్డున, ఇందుకూరుపేట దగ్గర, 1921 ఏప్రిల్ 7న గాంధీ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించాడు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాన్ని నిలబెట్టినవాళ్లు. రాట్నం, మగ్గం, అంటరానితనంపై పోరాటం అక్కడ ఒకే ఆవరణలో నడిచాయి. నెల్లూరులో పొణకా కనకమ్మ పెట్టిన కస్తూరిదేవి విద్యాలయం ఆడపిల్లలకు చదువు ఇచ్చింది. చేతిపని చదువుకు తక్కువ కాదు అనే మాట ఈ జిల్లాలో గట్టిగా వినిపించింది ఆ కాలంలోనే.

రెండో దారి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. 1871లో పుట్టిన ఈ చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. కొన్ని తెగల్ని పుట్టుకతోనే నేరస్థులని రాసుకుని, వేలిముద్రలు తీసుకుని, సెటిల్‌మెంట్లలో పెట్టారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఎరుకలవాళ్లకు అట్లాంటి సెటిల్‌మెంట్ నడిపింది. యానాదుల్లో కొందరిమీదా ఈ చట్టం ముద్ర పడింది. చట్టంలో ఒక సెక్షను చూడండి: ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. అక్కడా పని నేర్పారు. అక్కడా 'చేసి నేర్చుకో' అన్నారు. పల్లిపాడులో నూలు వడికిన చేతికీ, కావలిలో పని చేసిన చేతికీ పైకి తేడా కనపడదు. ఒక చోట పని చేసే పిల్లవాడికి మర్యాద ఉంది, ఇంకో చోట వాడిమీద కాపలా ఉంది. మా పెద్దవాళ్లలో చాలామందికి బడి అంటే పిల్లల్ని పట్టుకుపోయే చోటు అనే భయం ఎందుకు ఉండేదో ఈ సెక్షను చదివితే అర్థమవుతుంది. ఇప్పటికీ కొందరు టీచర్లు 'యానాదులకు చదువంటే శ్రద్ధ లేదు' అంటారు. అట్లా అనే ముందు ఈ చట్టం ఒకసారి తిరగేస్తే బాగుంటుంది.

1937 అక్టోబరులో వార్ధాలో జాతీయ విద్యా సమావేశం జరిగింది. జాకీర్ హుస్సేన్ కమిటీ ప్రాథమిక విద్యకు చేతిపనిని కేంద్రంగా పెట్టింది. అదే నయీ తాలీం. నూలు, నేత, వడ్రంగం, వ్యవసాయం, తోటపని, తోలుపని చెప్పి, చివర స్థానిక పరిస్థితులకు తగిన మరే చేతిపనైనా తీసుకోవచ్చని రాశారు. మా దృష్టిలో ఆ పథకం మొత్తంలో గొప్ప మాట అదే. ఎందుకంటే ఆ మాట ప్రకారం పులికాట్ ఒడ్డున ఉన్న బడిలో వల అల్లడం పాఠం కావచ్చు. ఊత కట్టడం పాఠం కావచ్చు. ఆచరణలో మాత్రం దేశంలో ఎక్కువ బడులకు వచ్చింది తకిలీ. మనవాళ్లకు దూదితో ఏం పని? చేపల కోసం నీళ్లలో తిరిగే పిల్లవాడి చేతికి తకిలీ ఇచ్చి ఇదే నీ పరిసరం అన్నట్టు ఉంటుంది అది.

ఇక 1953. రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండి గ్రామాల ప్రాథమిక బడులకు కొత్త పథకం తెచ్చాడు. పిల్లలు రోజులో కొన్ని గంటలే బడిలో ఉండాలి, మిగతా సమయం ఇంట్లో తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి అన్నాడు. అప్పటికి నెల్లూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఆ ఏడాది అక్టోబరు 1న వచ్చింది. ఇది కులవిద్య అని ద్రావిడ ఉద్యమం పెద్ద ఎత్తున లేచింది. 1954లో కామరాజు ముఖ్యమంత్రి అయి దాన్ని రద్దు చేశాడు. మేము ఆ వ్యతిరేకతతోనే ఉన్నాం. తండ్రి ఎలుకలు పడితే కొడుకు మధ్యాహ్నం ఎలుకలు పట్టడమే చదువు అంటే, చదువు వల్ల మారేదేముంది? కలెక్టరు కొడుకు మధ్యాహ్నం ఏం నేర్చుకుంటాడో అడిగితే పథకం అసలు రంగు బయటపడుతుంది.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో కనిపించి ఉంటుంది. మా పిల్లల పని జ్ఞానాన్ని బడి పట్టించుకోకపోతే వాళ్లు బడిలో తెలివితక్కువవాళ్లు అయిపోతారు. ఆ జ్ఞానాన్ని వాళ్లకే అంటగట్టి వదిలేస్తే వాళ్లు అక్కడే ఉండిపోతారు. ఈ రెండిటి మధ్య సన్నటి దారి ఒకటి ఉంది. వెన్నెలకంటి రాఘవయ్య దాదాపు జీవితమంతా ఈ దారి కోసమే తిరిగాడని మా అభిప్రాయం. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఆయన (1897–1981) క్రిమినల్ ట్రైబ్స్ చట్టానికి ఎదురు నిలిచాడు, ఆదిమజాతి సేవక్ సంఘం పెట్టాడు, యానాదుల మీద పుస్తకం రాశాడు. దేశమంతటా ఆ చట్టం 1952లో పోయింది. చట్టం పోయినా ఊళ్లో దొంగతనం జరిగితే మొదట మా గుడిసెల వైపు చూసే అలవాటు అంత తొందరగా పోలేదు. తరగతిలో పెన్సిలు పోయినప్పుడు ఎవరి సంచి మొదట వెతుకుతారో పాఠకులకు చెప్పక్కర్లేదు.

శ్రీహరికోట కథ ఇక్కడ రావాలి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. దీవిలో ఉన్నవాళ్లను తరలించారు. చిరివేరు తవ్విన నేల, తేనె తీసిన చెట్లు కంచె లోపలికి పోయాయి. దేశానికి ఆ కేంద్రం అవసరమే, దాని మీద మాకు కోపం లేదు. కానీ ఒకటి గమనించండి. జిల్లాలో సైన్స్ ఫెయిర్ ఎక్కడ జరిగినా థర్మాకోల్ రాకెట్టు తప్పకుండా ఉంటుంది. 'ఈ దీవిలో ముందు ఎవరున్నారు, ఏం తిన్నారు, ఏ మొక్కకు ఏ పేరు పెట్టారు' అనే ప్రాజెక్టు మేము చూడలేదు. సూళ్లూరుపేట చుట్టుపక్కల ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగితే నాలుగైదు రోజుల్లో తయారయ్యే పని అది. ఖర్చు కూడా ఏమీ ఉండదు.

1964–66 కొఠారీ కమిషన్ 'పని అనుభవం' అంది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ దానికి ఇంకో పొడుగాటి పేరు పెట్టింది. మా ఊరి బడుల్లో దాని అర్థం చాలాసార్లు ఆవరణ ఊడ్వడం, నీళ్లు మోయడం. ఎవరి చేత ఊడ్పించేవాళ్లో ఇక్కడ పేర్లు రాయనక్కర్లేదు.

అసలు మార్పు ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకంతో వచ్చింది. పాత టీచర్లు దాన్ని 'ఆపెప్' అంటారు. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980లలో కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటా నడిచింది. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని మూల్యాంకనంలో పాల్గొన్నారు. 'కృత్యాధార బోధన' అనే మాట ప్రతి టీచరు నోట పలికింది అప్పుడే. దానికి ఆరు సూత్రాలు. టీచరు స్వయంగా కృత్యాలు తయారుచేయాలి. పిల్లలు చేస్తూ, కనుక్కుంటూ, ప్రయోగాలు చేస్తూ నేర్చుకోవాలి. ఒంటరిగా, జట్టుగా, తరగతి అంతా కలిసి పనిచేయాలి. పిల్లల మధ్య తేడాలను గుర్తించాలి. స్థానిక పరిసరాలను వాడుకోవాలి. పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించాలి. ఊళ్ల మధ్య ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టి టీచర్లు కలిసి మాట్లాడుకునే ఏర్పాటు చేశారు. ఇంత మంచి ఆలోచన అంతకు ముందు మా బడుల దాకా రాలేదని ఒప్పుకోవాలి. ఒకే టీచరు, రెండు మూడు తరగతులు, చేతిలో బెత్తం తప్ప మరేమీ లేని బడికి ఇది కొత్త గాలి.

కానీ ఆరు సూత్రాల్లో గోడకు ఎక్కడం సులువైంది ఆరోది. తనిఖీకి వచ్చినవాళ్లకు కంటికి కనిపించేది కూడా అదే. కాబట్టి గదులనిండా తాళ్లు కట్టి బొమ్మలు వేలాడదీశారు. తాటాకు చిలకలు, గింజలు అంటించిన అట్టలు, అగ్గిపెట్టెల రైళ్లు. ఐదో సూత్రం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, గింజలూ ఆకులూ గులకరాళ్లూ ఏరుకురావడంతో ఆగిపోయింది. పరిసరం అంటే అందులో మనుషులు కూడా ఉంటారు. ఆ గింజ పేరు తెలిసిన అవ్వ, ఆ ఆకు ఏ పుండు మీద కడతారో తెలిసిన మామ పరిసరం లెక్కలోకి రాలేదు. లెక్కలు నేర్పడానికి టీచరు మా పిల్లల చేతే గులకరాళ్లు తెప్పించాడు. ఆ రాళ్లు తెచ్చినవాడు ఉప్పుటేరులో పీత కలుగు లోతు చేయి పెట్టి చెప్పగలడని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ టీచర్లను నిందించి ఊరుకోవడం సులువు, న్యాయం మాత్రం కాదు. తీరప్రాంతంలో పనిచేసే టీచర్లలో ఎక్కువమంది మెట్ట ఊళ్లవాళ్లు, పట్నంవాళ్లు. పీతకూ రొయ్యకూ తేడా కూరలో తప్ప చూడనివాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు ఇచ్చిన శిక్షణలో 'పిల్లల దగ్గర నేర్చుకో' అనే మాట ఉండవచ్చు, యానాది గుడిసెకు పోయి కూర్చోవడం ఎట్లాగో మాత్రం ఉండదు. కొందరు పోయారు. సంఘంలో రాత్రిళ్లు కూర్చుని కబుర్లు చెప్పించుకున్న టీచర్లను మనవాళ్లు ఏళ్లు గడిచినా 'మా అయ్యవారు' అనే తలచుకుంటారు. అట్లాంటివాళ్ల బడుల్లో మా పిల్లలు నిలిచారు.

1996 తర్వాత డి.పి.ఇ.పి. వచ్చింది. రాష్ట్రంలో మొదటి విడతగా తీసుకున్న ఐదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. కొత్త గదులు, ప్రత్యామ్నాయ బడులు, శిక్షణలు వచ్చాయి. అదే కాలంలో తీరమంతా రొయ్యల చెరువులు తవ్వారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు ఇచ్చింది కూడా. కానీ చెరువులు పోలేదు. చెరువు కాపలాకు అడ్వాన్సు ఇచ్చి యానాది కుటుంబాన్ని గట్టుమీద పెట్టడం మామూలైంది. అడ్వాన్సు తీరదు, కుటుంబం కదలదు. వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం 1976 నాటిది అయినా గట్టుమీదికి రావడానికి దానికి చాలా కాలం పట్టింది. ఆ గట్టు నుంచి బడి ఎంత దూరమో ఏ శిక్షణ పుస్తకంలోనూ లేదు. బడిలో ఎంత మంచి కృత్యం జరుగుతున్నా చెరువు గట్టుమీద ఉన్న పిల్లవాడికి అందదు.

ఈ జిల్లాలో జరిగిన అతి పెద్ద 'ప్రాజెక్టు' మాత్రం పిల్లల బడిలో జరగలేదు. 1990 తర్వాత అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రిబడి వాచకంలో సారా వల్ల చెడిన కుటుంబం కథ ఉంది. దాన్ని చదివిన దూబగుంట ఆడవాళ్లు ఇది మన ఊరి కథే కదా అన్నారు. మాట్లాడుకున్నారు, సారా దుకాణానికి అడ్డం నిలిచారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. తర్వాత దాన్ని ఎట్లా సడలించారన్నది వేరే కథ. బోధనాశాస్త్రం చదివేవాళ్లు కిల్‌పాట్రిక్‌తో పాటు దూబగుంటను కూడా చదవాలి. సమస్య నేర్చుకునేవాళ్లది, సమాచారం వాళ్లది, ఫలితం కూడా వాళ్లది. ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి అర్థం మాకు తెలియదు.

ఇంకో చిక్కు మన భాషలో ఉంది. 2004 ప్రాంతంలో రాష్ట్రంలో కోయ, సవర, గోండి, కువి, కొండ, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. మంచి పని. యానాదుల ఇంటి భాష తెలుగే కాబట్టి ఆ జాబితాలో మేము లేము. పిల్లవాడికి తెలుగు వస్తుంది, ఇక అడ్డేముంది అనుకున్నారు. కానీ మన తెలుగులో నీటికి, బురదకు, ఇసుకకు, చేపకు ఉన్న మాటలు పాఠ్యపుస్తకం తెలుగులో లేవు. పుస్తకం తెలుగులో 'చేప' ఒక్కటే. మన తెలుగులో జెల్ల, కొరమీను, పాలబొంత, పండుగప్ప వేరువేరు. వాటి నీళ్లు వేరు, కాలం వేరు. పిల్లవాడు 'పాలబొంత' అంటే టీచరు 'చేప అనరా' అని సరిదిద్దుతారు. ఇది పైకి చిన్న విషయం, బడిలో పిల్లవాడి నోరు మూసుకునేది మాత్రం ఇక్కడే. 2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో యానాదులు 4,62,167 మంది. అప్పటికి రాష్ట్రంలో షెడ్యూల్డు తెగల అక్షరాస్యత 37 శాతం. ఆ అంకె వెనుక ఇట్లా సరిదిద్దిన సందర్భాలు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షనులో కృత్యాలు, అన్వేషణ, పరిశోధన ద్వారా నేర్చుకోవడం అని రాశారు. అంటే కృత్యం ఇప్పుడు టీచరు దయ కాదు, పిల్లవాడి హక్కు. ఆ తర్వాత నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. పిల్లల భాగస్వామ్యం, రాతపని, లఘుపరీక్షలతో పాటు ప్రాజెక్టు పనికి కూడా మార్కులు పెట్టారు. మార్కులు రాగానే దాని చుట్టూ అంగడి వచ్చింది. 'వలస పక్షులు' ప్రాజెక్టు అంటే నెట్ సెంటరులో బొమ్మలు తీయించి చార్టు మీద అంటించడం. చార్టుకు, స్కెచ్ పెన్నులకు, రంగుల ప్రింటుకు డబ్బు కావాలి. గట్టుమీద ఉన్న కుటుంబం ఆ డబ్బు ఎక్కడ తెస్తుంది? పక్షుల పండుగ జరిగే సూళ్లూరుపేటకు, గూడబాతులు గుడ్లు పెట్టే నేలపట్టుకు దగ్గరి పిల్లవాడు, తెల్లవారుజామున రాజహంసల గుంపును రోజూ చూసేవాడు, చార్టు తేలేదని వెనక బెంచీలో నిలబడతాడు. నెట్‌లో దొరికిన ఫ్లెమింగో బొమ్మకు పదికి పది మార్కులు. ఆ బొమ్మ ఏ దేశపు సరస్సులో తీసిందో కూడా అంటించినవాడికి తెలియదు.

కాబట్టి ఊదర కుండను తరగతిలోకి తెద్దాం అంటే మేము మొదట ఒక షరతు పెడతాం. దాన్ని మా పిల్లవాడి చేత ఒక్కడి చేత చేయించకండి. రెడ్డిగారి అమ్మాయి, శెట్టిగారి అబ్బాయి, పట్టపువాళ్ల పిల్లలు, మనవాడు నలుగురూ కలిసి ఊదాలి. మనవాడు ఆ రోజు జట్టుకు నాయకుడు. తర్వాత నలుగురూ కలిసి రాయాలి. కలుగు పటం గీయాలి, కన్నాలు లెక్కపెట్టాలి, పొగ ఎన్ని నిమిషాలకు ఏ కన్నంలో కనిపించిందో పట్టిక వేయాలి. వల అల్లిక కూడా అంతే, కన్ను కొలత మారితే ఏ సైజు చేప జారిపోతుందో లెక్క. రాజాజీ పథకంలో యానాది పిల్లవాడు సాయంత్రం ఒంటరిగా గట్టుకు పోతాడు. ఇక్కడ తరగతి మొత్తం గట్టుకు వచ్చి, మళ్లీ పుస్తకంలోకి తిరిగి పోతుంది, పై తరగతికి పోతుంది. డ్యూయీ బడిలో ఉన్న గీత అంటే ఇదే.

పై తరగతుల పిల్లలతో అడ్వాన్సు లెక్క చేయించవచ్చు. ఎవరి పేరూ పెట్టకుండా, ఒక కుటుంబం ఇంత తీసుకుంది, నెలకు నూటికి ఇంత వడ్డీ, కూలిలో ఇంత కోత, ఎన్ని నెలల్లో తీరాలి అని. బారువడ్డీ పాఠానికి దీనికంటే దగ్గరి ఉదాహరణ ఈ తీరంలో లేదు. లెక్క చేశాక పిల్లలు ఇంటికి పోయి ఏం అడుగుతారో చెప్పలేం. దూబగుంటలో కూడా ఎవరూ ముందు చెప్పలేదు.

పులికాట్ చుట్టుపక్కల, బకింగ్‌హాం కాలువ ఒడ్డున, ఉప్పుటేర్ల దగ్గర పనిచేసే టీచర్లకు ఖర్చు లేని ప్రాజెక్టు ఇంకొకటి చెబుతాం. నాలుగు, ఐదు తరగతులు కలిసి చేయవచ్చు. ఒక వెదురు బద్ద తీసుకుని సెంటీమీటరు గీతలు పెట్టి సముద్రపు నీళ్లు వచ్చే చోట పాతాలి. ఈ తీరంలో ఆటుపోట్ల తేడా మీటరుకు అటూఇటూ ఉంటుంది కాబట్టి చిన్న బద్ద చాలు. అమావాస్య నుంచి అమావాస్య దాకా రోజూ పోటు నిండిన వేళ చూసి రాయాలి. రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని పిల్లలే కనుక్కుంటారు. అమావాస్యకు, పౌర్ణమికి నీళ్లు ఎక్కువ ఎక్కుతాయని మన పిల్లలు ముందే చెబుతారు, బద్ద మీద చూసి మిగతావాళ్లు ఒప్పుకుంటారు. కాళంగి వరద వచ్చినప్పుడు, ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు ఉప్పదనం ఎట్లా మారుతుందో, అప్పుడు ఏ చేప పడుతుందో ఏడాది పొడుగునా రాస్తే అది పై తరగతివాళ్లకు పనికొచ్చే పుస్తకం అవుతుంది. చార్టు అక్కర్లేదు. పాత నోటుపుస్తకంలో ఏడు నిలువు గీతలు గీస్తే చాలు: తిథి, వేళ, నీటి ఎత్తు, గాలి, పడిన చేప, దానికి మన ఊళ్లో పేరు, ఆ పేరు చెప్పిన మనిషి.